నంబరు మాత్రమే ఉన్నది

పెదవాల్తేరు వైపు కిటికీ తెరిస్తే
ఉప్పుగాలి మైక్రోస్కోపు అద్దం మీద పొర కడుతుంది.
రోజూ తుడుస్తాను. రోజూ కడుతుంది.

ఆరేళ్లుగా నాదొకటే జన్యువు.
దానికి పేరు పెట్టలేదెవరూ.
"పొరను దాటేది" అని ఒక ఇంటిపేరు,
పక్కన మూడంకెల నంబరు,
పోర్టులో దించాక ఎవరూ విడిపించుకోని కంటైనరులాగా.

తెలిసింది ఇంతే:
అది పుట్టించే ప్రోటీను కణం పొరలోంచి
నాలుగుసార్లు కుట్టుపోగులా దూరి
రెండు కొసలూ లోపలే దాచుకుంటుంది.
దేన్ని రానిస్తుందో, దేన్ని పోనిస్తుందో,
ఊరికే అలా గోడలో నిలబడి వింటుందో.
నేను ప్రశ్నార్థకం పెట్టిన చోటల్లా గైడుగారు
"మరింత పరిశోధన అవసరం" అని రాస్తారు.
అవసరం ఉంది. నిధులు లేవు.

గాజుసామాను కడిగే గరికిన నూకాలు అడిగింది ఓ రోజు:
"ఏటి పని సేత్తాదమ్మా అది?"
"తెలీదు. అందుకే తీసేసి చూశాను."
"తీసీస్తే?"
"ఏమీ కాలేదు. కణాలు బానే ఉన్నాయి."
బీకరు బోర్లించింది.
"మా ఆయన పడవలో ఒక తాడుంది.
దేనికి కట్టేరో ఆళ్ల తాతకీ తెల్దు.
కోసీమంటే కొయ్యడు, మొండోడు"
అని ఇంకో బీకరు అందుకుంది.

కార్తీకంలో తుఫాను.
డాల్ఫిన్ నోస్ మీది దీపం కూడా కనపడని రాత్రి
కరెంటు పోయింది,
జనరేటరు రెండు గంటలు దగ్గి ఊరుకుంది.
ఇంక్యుబేటరుకి నా దుప్పటి చుట్టి
పక్కనే కూర్చున్నాను తెల్లవార్లూ.
బిడ్డ ఒళ్లు చల్లబడకూడదని,
జ్వరం దిగకూడదని మొక్కుకునే తల్లి
ఎక్కడైనా ఉంటే, ఆమెలా.

పొద్దున లెక్కపెట్టాను.
జన్యువున్న గిన్నెలో బతికినవి,
తీసేసిన గిన్నెలో బతికినవి.
ఇందులో పదకొండు తక్కువ.
మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిది తక్కువ.
కళ్లు మండుతున్నాయి,
నిద్ర కావచ్చు, ఉప్పు కావచ్చు.
తొమ్మిదంటే ఏమీ కాకపోవచ్చు.

బీచ్ రోడ్డు మీద విరిగిన కొమ్మలు లాగుతున్నారు.
నూకాలు రాలేదు.
పడవలు ఒడ్డుకి లాగారో లేదో,
ఆ తాడు దేన్ని పట్టుకుని ఉందో రాత్రంతా.
పేరు తెలుసు నాకు. పేట తెలుసు, జాలారిపేట.
ఫోను చేద్దామంటే
ఆమెదే నంబరు లేదు.

అద్దం తుడిచి
మూడోసారి
ఒకటి నుంచి మొదలుపెట్టాను.