తుండుగుడ్డ కింద

పొదలకూరు నిమ్మకాయల మండీలో
ధర నోటితో చెప్పేవాళ్లు కాదు, అప్పట్లో.
తుండుగుడ్డ కింద చెయ్యి పెట్టాల.
చూపుడువేలు పట్టుకుంటే వంద,
కణుపు నొక్కితే యాభై,
అరచేతిలో గోటితో గీరితే
ఇంక నువ్వు పోవచ్చని.
నాకిది నేర్పింది మాలకొండారెడ్డే.
గుమస్తాగా చేరిన రోజు నా చెయ్యి లాక్కుని
"మొహం చూడబాకు వెంగయ్యా,
మొహం అబద్ధమాడతాది" అన్నాడు.

అప్పటికాయనకుండింది ఒక అద్దె గది, ఒక తక్కెడ,
చేజర్ల నించి సైకిలు మీద తోసుకొచ్చిన రెండు లూజుల కాయ.
పదేళ్లకు ఢిల్లీ పోయే లారీలు పదకొండు.
ఇరవయ్యేళ్లకు ముత్తుకూరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీ,
దర్గామిట్టలో లిఫ్టుండే ఇల్లు.
అన్నీ నా చేతిరాతలోనే పుట్టినాయి,
ఎర్రట్ట పుస్తకాల్లో, పేజీ పైన శ్రీ చుట్టి.

లూజుకి నాలుగు కిలోలు తరుగు.
ఎందుకని ఏ రైతూ అడగలా.
అడిగినోడి కాయ మర్నాడు
ఎండలోనే కూర్చునేది.

ధర పడిపోయిన ఏడు
రైతులు లోడుకు లోడు రోడ్డు మీద కుమ్మరిస్తే
ఊరంతా పులుపు వాసన, బస్సు చక్రాలకు రసం.
ఆయనొచ్చి చెప్పులు విడిచి ఆ రసంలో నిలబడి
అందరి అడ్వాన్సులూ కొట్టెయ్యమన్నాడు.
కొట్టేశా. పెన్ను వణికింది.
మంచితనమా, పెట్టుబడా,
ఈ రోజుకీ ఏ పద్దు కింద రాయాల్నో తెలీదు.
మూడు నెలలకు టికెట్టొచ్చింది.

ప్రచారానికి పద్నాలుగు బండ్లు.
కదిలిన ప్రతిసారీ టైరుకొక కాయ, దిష్టికి.
ఇరవై రెండు రోజులకు నాలుగు లూజులు ఖర్చు రాశా.
లెక్కలు చూడొచ్చిన ఆఫీసరు
ఆ పద్దు దగ్గర ఆగి, నవ్వి, సంతకం పెట్టినాడు.
రాయనివి నేనూ చెప్పలా, ఆయనా అడగలా.

అఫిడవిట్టులో వృత్తి: వ్యవసాయం.
స్థిరాస్తి, చరాస్తి, భార్య పేరున బంగారం.
బాకీలు అనే గడిలో
నా మూడు నెలల జీతానికి చోటు చాల్లా.

గెలిచినాడు.
తుండుగుడ్డ పోయి కండువా వచ్చింది.
రెండేళ్లకు కండువా రంగు మారింది.
ఆ రాత్రి నెల్లూరు గెస్ట్‌హౌసులో నేనుండా,
కాఫీ గ్లాసులు లెక్కపెట్టుకుంటా.
వచ్చిన పెద్దమనిషి కప్పిన శాలువా
ఇద్దరి మోకాళ్ల మీదా పరుచుకుంది.
మొహాలు చూళ్లా నేను.
శాలువా ఎన్నిసార్లు కదిలిందో చూశా.

అసెంబ్లీలో ఒకే ఒకసారి లేచినాడు.
తరుగు పేరుతో దళారులు
రైతు నోరు కొడుతుండారన్నాడు.
గొంతు నిజంగానే పూడుకుపోయింది.
టీవీ ముందు మండీ అంతా చప్పట్లు.
నేను కొట్టలా, చేతిలో పెన్నుంది.

పన్నెండు వేల ఓట్లతో పోయినాడు.
ఫ్యాక్టరీ బ్యాంకుకు, లారీలు అల్లుడికి,
ఫ్లెక్సీలు కాయల మీద కప్పే పట్టలకు.
వానొస్తే ఆయన నవ్వు మీద నీళ్లు నిలిచేవి.

మొన్న మాఘంలో, మంచు విడవకముందే
కారు దిగినాడు, డ్రైవరు లేకుండా.
ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలో.
కుర్రోళ్లు కాయ ఫొటో పెడితే
ఢిల్లీ నించి ధర టింగుమంటాది.
ఆయనొక కాయ తీసి తొక్క గిచ్చి వాసన చూసినాడు.
భుజం మీది తుండు చేతి మీద కప్పుకుని
అట్నే నిలబడినాడు.
కిందికి ఎవురి చెయ్యీ రాలా.

నేను పెట్టినా.

గీరతాడనుకున్నా.
అయిదు వేళ్లూ కలిపి పట్టుకున్నాడు,
గట్టిగా, చల్లగా.
ఆ లెక్క నాకెప్పుడూ నేర్పలా.
మొహం చూడాల్నా వద్దా అని
తుండు అంచునే చూస్తా నిలబడినా.