ఇంకో జానెడు

కిరీటం మొదట మూరెడే.
ఉలవపాడు బస్టాండు వెనక
కాలేషా మామ కుట్టుమిషను పక్కన కూచుని
అట్టముక్కకి చెమికీలు అంటించింది నేనే.
మైదాపిండి జిగురు, అందులో కొంచెం మైలుతుత్తం,
లేకపోతే ఎలకలు కొరికేస్తాయి.

అయ్యవారు రాసిన నాటకంలో
ముల్లోకాల్నీ వణికించే ప్రచండకేతు
పగలు కరేడు రోడ్డులో పంచర్లేసే చెంచురామయ్య.
మొదటి ఆట చాకిచర్లలో.
ముందు వరసలో ఓ పిల్లోడు ఆవలించాడు.
అంతే.
తెల్లారేసరికి కొట్టు ముందు నిలబడ్డాడు:
"కాలేషా, ఇంకో జానెడు పెంచు."

టంగుటూరు ఆట తర్వాత కొమ్ములు.
సింగరాయకొండ ఆట తర్వాత
లారీ ట్యూబు కోసి భుజాలకి రెక్కలు,
రొమ్ము మీద బుడ్డి బల్బులు,
నడుముకి స్కూటరు బ్యాటరీ,
వీపున పన్నెండు గజాల ఎర్ర శాటిను.
(పెళ్ళిపందిరిది. ఓ మూల "శుభం" అని దూది అక్షరాలుంటే
మామ లోపలికి మడిచి కుట్టేశాడు.)
ఎవరూ భయపడని ప్రతి రాత్రికీ
ఒక జానెడు.

రాక్షసుడు మంచినీళ్ళెట్టా తాగుతాడో
మీరెప్పుడైనా ఆలోచించారా?
నేను పోసేవాణ్ణి, గరాటుతో.
ఒంటేలుకి పోవాలంటే ఇద్దరం కావాల,
ఒకడు శాటిను ఎత్తడానికి, ఒకడు వైరు పీకడానికి.
వీపు దురదపెడితే వెదురుబద్ద.
చీకట్లో వేపకొమ్మ అడ్డమొస్తే
ముల్లోకాల అధిపతి
"ఒరే, మెల్లగా, మెల్లగా" అంటా
నా భుజం పట్టుకునేవాడు.

ఆఖరి ఆట మా ఊళ్ళోనే, మామిడికాయల రోజులు.
సముద్రపు గాలి తిరిగి
తెరలు టపటపా కొట్టుకుంటా ఉన్నాయి.
ప్రచండకేతు గుహలోంచి బయటికి రావాల.
గుహ గుమ్మం మాత్రం మొదటి ఆటకి కొట్టిందే.
వడ్రంగి మాలకొండయ్యకి
జానెళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఎవడురా నన్ను పిలిచింది!"
లోపల్నించి ఉరిమాడు.
జనం ఊపిరి బిగబట్టారు, ఒట్టు,
ఆ ఒక్క నిమిషం భయపడ్డారు,
మనిషి కనపడనంత సేపూ.

తర్వాత కొమ్ములు తగిలాయి.
పక్కకి తిరిగితే భుజాలు తగిలాయి.
నడుం దాకా వంగి, తల ముందుపెట్టి
సగం వచ్చి ఇరుక్కుపోయాడు,
చేతులు రెండూ ఒకచోటికి నొక్కుకుపోయి.
చూసేవాళ్ళకి దండం పెట్టినట్టే ఉంది.
చాప మీంచి పోలమ్మవ్వ చెయ్యెత్తి
"చల్లగా ఉండు నాయనా" అంది.

ఆ నవ్వు తోటల్లో కావలోళ్ళని కూడా లేపింది.
బల్బులు వెలిగి, ఆరి, మళ్ళా వెలిగినాయి.
కుట్లు పటపటా తెగి
"శుభం" బయటపడింది,
ఇంకా మూడు రంగాలు ఉండగానే.
చంపాల్సిన రాజకుమారుడు
కత్తి చంకలో పెట్టుకుని కొమ్ము పట్టుకు లాగాడు:
"ఎడం కాలు ముందెయ్యి మామా."

తెల్లారి టీ బంకు కాడ
చెవుల్లో ఇంకా చెమికీలు మెరస్తా ఉంటే
చెంచురామయ్య అడిగాడు:
"మొదట్లోనే వద్దని చెప్పొచ్చు గదా కాలేషా."
మామ గ్లాసు కింద పెట్టలేదు.
"గుడ్డకైతే నా దగ్గర టేపుంది.
నీ గుబులుకి నేనేం కొలతేసేది?"
చెంచురామయ్య కాసేపు ఊరుకుని
ఇద్దరి టీకీ డబ్బులిచ్చాడు.

ఇప్పుడు నాది ఒంగోల్లో జిరాక్సు కొట్టు, ఆఫీసుల ఎదురుగా.
అప్పుడప్పుడూ సైరన్లు మోగుతాయి.
కార్లు తొమ్మిది. పోయినేడు ఆరే.
ఫ్లెక్సీలో మీసం రెండో అంతస్తు దాటింది.
అందరూ పక్కకి జరుగుతారు.
నేనూ జరుగుతాను.
జరిగి,
ఎందుకో ఓసారి
గుమ్మం ఎత్తు చూసుకుంటాను.