సగం షీటు

బల్లార్‌పూర్‌ల మా మందుల దుకాణానికి
పొద్దటి ఏడింటికే గిరాకి.
రాత్‌పాళీ దిగిన కండ్లు
ఎండకు చిట్లించి, నిద్ర కోసం చెయ్యి చాపుతయి.

గోళీలు లెక్కవెట్టుడు నా పని.
పది వద్దంటరు, రెండు చాలంటరు.
కత్తెర వట్టి షీటు కోస్తె
చిన్న అక్షరాలు ఎప్పుడూ నా దిక్కే మిగులుతయి.
ఎర్ర గీత గూడ నా దిక్కే.
కొన్నోళ్ళ ఎంబడి గోళీ పోతది,
హెచ్చరిక డబ్బాల పంటది.
పదకొండేండ్ల సంది కోస్తున్న.
ఆ సంగతి నా కంటికి ఆననే లేదు,
దుర్గం బానేష్ పోయేదాక.

బానేష్ బొగ్గుబాయిల డంపర్ నడిపేటోడు.
సిరొంచ దిక్కు మనిషి,
మరాఠిల బేరం, తెలుగుల తిట్టు.
డాక్టర్ చిట్టీ ఉన్నది: నిద్రకు, రోజుకొకటి.
చిట్టీ దొంగది కాదు. గోళీ దొంగది కాదు.
ఆయన తాగుబోతు గూడ కాదు.
ఎవరన్న అడిగితె ఈ మాట రాస్కోండ్రి.

ఆ దినం దగ్గుతుండె.
"అక్కా, రాత్రంత గేరు మార్చినట్టు దగ్గుడే" అని
నవ్విండు. నేను గూడ నవ్విన.
దానికి చిట్టీ అడగలె.
చీకటి రంగు సీసా ఒకటి
పాత పేపర్ల చుట్టి ఇచ్చిన.
ఆయన సంచిల అప్పటికే ఇంకో గాజు చప్పుడు.
బావమరిది బిడ్డ తొట్టెలట.
"ఎక్కువ గాదక్కా, పావే. రాత్రి సెలవు గదా."
చప్పుడు నాకు ఇనవడ్డది.

గోళీకి గోళీ చిన్నదే.
పావుకు పావు చిన్నదే.
మూతెడు మందుకు ఎవలు భయపడ్తరు?
నేను చదివిన లెక్కల
ఒకటి, ఒకటి, ఒకటి – మూడు.
లోపటి లెక్క వేరట.

సర్కారు దవాఖాన ఎనక
ముసలి వార్డుబాయ్ మడావి
చేతులు కడుక్కుంట చెప్పిండు:
"ఊపిరి బొగ్గుబాయిల పాత కూలి అసొంటిది, తాయీ.
మనం పన్నా దాని పాళీ దిగదు.
ఒక సర్దార్ అచ్చి 'జర నిమ్మళం' అంటె
నిమ్మళంగ నడుస్తది, ఏం గాదు.
రెండో సర్దార్ అదే మాట. మూడోడు గూడ అదే మాట.
ఒకల సంగతి ఒకలకు తెల్వది.
చెప్పినట్టు ఇనేది గదా అది,
ముగ్గురి మాటా ఇన్నది.
ఆగిపొమ్మని మాత్రం ఎవ్వడూ అనలె."

లస్మక్క గురక ఇన్నది.
గరగర, నీళ్ళల గొట్టం ఊదినట్టు.
చాన దినాలకు నిద్ర వట్టిందని
పిల్లలను గమ్మునుండుమని
తలుపు దగ్గరగ ఏసింది.
ఆ గురక గురక కాదని, పిలుపని
ఆమెకు ఎవలు చెప్పిండ్రు?
చెప్పింది ఉన్నది.
నా డబ్బాల, సగం షీటు మీద,
చీమ తలకాయంత అక్షరాల్ల,
ఇంగ్లీషుల.

ఇప్పుడు కత్తెర కన్న ముందు పెన్ను వడ్తున్న.
పొట్లం మీద మరాఠిల ఒకపారి, తెలుగుల ఒకపారి.
చదువురానోళ్ళకు సీసా బొమ్మేసి
అడ్డంగ గీత కొడ్త.
సంచి చప్పుడైతె అడుగుత.
"గిరాకిని బెదిరిస్తవా" అని శేఠ్ గొణుగుతడు.
మొన్న ఒకాయన తిట్టి
ఎదురు దుకాణానికి పోయిండు.
రోడ్డు దాటి ఎనకపడి పోయి
చెవుల ఏసి అచ్చిన. ఇన్నడో లేదో.

ఆ సగం షీటు ఇంక నా తానే ఉన్నది.
ఎనిమిది గోళీలు. గడువు దాటింది.
వాపస్ పంపే డబ్బాల ఏసేటందుకు చెయ్యి రాదు.
పొద్దుగాల సైరన్ కూసి
రాత్‌పాళీ దిగే యాళ్ళకు
నేను డ్రాయర్ గుంజుత.
లోపట ఆ రేకు
చిన్నగ దగ్గుతది.