సైట్ ఇన్‌స్పెక్షన్

ఆనందపురం దాటాక గెడ్డ పక్కన జీపు ఆపాం.
ఫైల్లో ఈ భూమి పేరు 'నిరుపయోగం'.
కాళ్లకింద కనకాంబరాల మడి,
అప్పుడే తడిపినట్టుంది, చెప్పులు దిగబడ్డాయి.

బానెట్ మీద ప్లాన్ పరిచాను,
భీమిలి గాలికి ఎగరకుండా
నాలుగు మూలలా నాలుగు మట్టిబెడ్డలు.
పద్దెనిమిది కన్నాలు. మూడొందల విల్లాలు.
రోజుకి పదిలక్షల లీటర్ల నీళ్లు,
ఎక్కడివో రాయాల్సిన గడి ఖాళీ.

బంటుబిల్లి ఎర్నమ్మ మడిలోంచి లేచొచ్చి
తడివేలు కాగితమ్మీద పెట్టింది.
"ఇదేటి బాబూ, ఈ పచ్చది?"
గడ్డి.
"పసువులు మేత్తాయా?"
లేదమ్మా, బంతి దొర్లుతుంది.
ఆవిడ నవ్వలేదు.
పూలబుట్ట ఎత్తుకుని ఆటో కోసం పరుగెత్తింది.

ఫీజు కట్టారు. నకలు జతచేశారు. అన్నీ సక్రమం.
నాకున్న అధికారం రెండు లైన్ల రిమార్కు.
'నిరుపయోగం' కొట్టేసి
'సాగులో ఉంది, పూలు, వంగ' అని రాశాను.
పైవాళ్లు దాన్నీ కొట్టేయగలరు.

ఏడో కన్నం మీద
ఎండిన బురద వేలిముద్ర మాత్రం తుడవలేదు.
స్కేలు పెట్టి చూస్తే
ఎకరం పైచిలుకు వచ్చింది.

ఎర్నమ్మకి ఎంతుందో
అడగడం మర్చిపోయాను.