పావు చుట్టు

గుత్తి దాటినాక మొదలైంది ఆ చప్పుడు.
టిక్ టిక్ టిక్.
ఇంజను చల్లగున్నప్పుడు గట్టిగా, వేడెక్కేకొద్దీ సన్నగా.
వెనక సీట్లోంచి ఎవరో,
"పొగ వాసనొస్తాండాది అన్నా."
నేను అద్దం దించినా. ఇంకేం చెయ్యాల?

గుంతకల్లు చేరి సుమో బానెట్ ఎత్తితే
టర్బో మెడ చుట్టూ మసి, కాటుక పూసినట్ల.
నాలుగు స్టడ్లల్లో ఒకటి లేదు.
లేదంటే, సగముంది, మానిఫోల్డు లోపలే,
ఇరిగిన పన్ను చిగుట్లో మిగిలినట్ల.

మూడు అంగళ్లు తిరిగినా.
మొదటాయన బోల్టు చూపించె.
రెండో ఆయన బండి అమ్మేయమన్యాడు.
మూడో ఆయన ఫోన్ చేసి,
"బళ్లారి నుంచి రావాల, మానిఫోల్డుతో సహా సెట్టుగానే"
అని ఒక అంకె చెప్పినాడు.
నాకది రెండు నెలల కిరాయి, డీజిలు పోనూ.

ఆటో స్టాండు పిల్లోడు అన్యాడు:
"మాబున్ని లేతుకు పో."

రైలుకట్ట పక్కన రేకుల షెడ్డు.
మానిఫోల్డును గోనెసంచిలో చుట్టి మోసుకుపోయినా.
కొంగు నడుముకు దోపి నిలబడుంది ఆమె,
కళ్లద్దాలకు ఒకపక్క కాడ లేదు, పురికొస.
వాకిట్లో మంచం మీద మొగుడు పీరన్న,
కుడిచేతికి రెండే వేళ్లు.
తక్కిన మూడూ ఈ మిషనే తినింది, పదకొండేండ్ల కింద.
అప్పట్నుంచి చేసేది ఆమె, వినేది ఆయన.

మొండి ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు చుక్క వేసింది.
ఎర్రగా ఉండంగానే కొవ్వొత్తి ముట్టించింది.
మైనం సుయ్‌మని మరల్లోకి దిగింది.
ముందుకు ఇంత, వెనక్కు ఇంత,
బడికి పోనని మొరాయించే పిల్లోణ్ణి నడిపించినట్ల.
కిర్రుమనింది. వచ్చింది.

"మామూలు ఇనుము పనికిరాదప్పా.
కాలితే సాగుతాది, సల్లారితే పట్టుకుంటాది.
మూడో నెలకు మళ్ల నా దగ్గరికే వస్తావు."
బిస్కెట్ల డబ్బా మూత తీసింది.
రైలింజన్ల పొగగొట్టాల కాడి బోల్టులంట,
షెడ్డు వేలంలో తూకానికి కొన్నవి.
"ముప్పై ఏండ్లు మంట సూసినాయి.
కొత్తగా బెదిరేదేమీ లేదు."

లేతు తిరిగింది. నీలంగా పొట్టు లేచింది,
చీనీకాయ తొక్క తెగకుండా ఒలిచినట్ల.

మంచం మీద నుంచి: "టూలు మొద్దుబారింది."
ఆమె ఆపలేదు.
"మొద్దుబారింది అంటాండా."
ఆపింది. సానపట్టింది. మొగుని తట్టు చూడలేదు.
మళ్లీ తిప్పితే చప్పుడు మారింది,
అది నా చెవికి గూడా తెలిసింది.

ఎనిమిది మిల్లీలు, ఒకటింపావు పిచ్చి.
ఒకటి అడిగితే నాలుగు చేసింది.
"ఒకటి ఇరిగినాక దాని బరువు మూడే మోసినాయి గదా,
వాటినీ తీసెయ్."
ఐదోదెందుకు అంటే,
"డాష్‌బోర్డులో పడెయ్. నీకు గాకపోతే
దారిలో ఇంకొకనికి."

ఎంత అని అడిగినా.
పీరన్న చెయ్యెత్తి రెండు వేళ్లు చూపించె.
రెండు వందలా? రెండు వేలా?
మాబున్ని నవ్వింది, మొదటిసారి.
"ఆయప్ప ఏ లెక్కకైనా రెండే చూపిస్తాడు.
నువ్వు ఎనిమిది వందలియ్యి.
నూరు కిలోమీటర్లు తిప్పి మళ్ల రా,
నట్టు ఇంకొంచెం తిరుగుతాది.
ఇంజను సల్లారినాకనే."

ఉరవకొండకు రెండుసార్లు, గుత్తికి ఒకసారి.
టిక్కుమనలేదు.
ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో ఈల మాత్రం, సన్నగా.

తిరిగొస్తే షెడ్డుకు తాళం.
ఆమె ఆదోనిలో పెండ్లికి పోయిందంట.
పొద్దు గుంకేదాకా బానెట్ ఎత్తిపెట్టి కూర్చున్యాం ఇద్దరం,
బీడీ ఆయనది, అగ్గిపెట్టె నాది.
అప్పుడు లేచినాడు పీరన్న.
స్పానరును రెండు వేళ్ల సందున ఇరికించి,
కండ్లు మూసి, చెవి వంచి,
ఒక్కో నట్టుకూ పావు చుట్టు.

నాలుగోదాని కాడ నేనింకా ఏదో వినబడతాదేమోనని
ఊపిరి బిగబట్టి ఉండంగానే
ఆయన "చాలు" అన్యాడు.