అడుగున రెండు డాలర్లు

ఇల్లు చవగ్గా వచ్చింది.
ఎందుకో పెరటి తలుపు తీశాక తెలిసింది:
నలభై అయిదు వేల లీటర్ల పచ్చటి కషాయం,
అందులో తేలుతూ ఒక ప్లాస్టిక్ కుర్చీ,
దాని మీద నాకంటే ముందే కాపురం పెట్టిన కప్ప.

పూల్ బాగుచేసేవాడు వచ్చి చూసి
నెలకింత అన్నాడు.
ఆ అంకె విని నీళ్ళు నమిలాను.
"మట్టి పోసి పూడ్చెయ్" అన్నాడు పక్కింటి గ్లెన్.
ఇన్ని నీళ్ళ పక్కన నిలబడి
ఆశకి నీళ్ళొదిలెయ్యమంటాడు!

నేను డయాలసిస్ నర్సుని.
ఇరవై రెండేళ్ళుగా మనుషుల నెత్తుటిని
బయటికి తీసి, కడిగి, లోపలికి పంపుతున్నాను.
ఒక గుంటకి జడుస్తానా?

షెడ్డులో ఇసుక ఫిల్టరు, లావుపాటి మూత్రపిండం.
దాని నెత్తిన ప్రెషర్ ముల్లు.
ముల్లు గీత దాటితే నీళ్ళని ఎదురు తిప్పి కడగాలి,
గోధుమరంగు కక్కుతుంది,
గాజు బుడ్డి తేటపడేదాకా కదలకూడదు.
ఇదంతా నాకొచ్చిన భాషే,
యాస వేరు.

మొదటి వారం గాలికి ఎదురు నిలబడి యాసిడ్ పోశాను.
రెండు రోజులు దగ్గు. కుడి చెప్పుకి చిల్లు ఇప్పటికీ ఉంది.
రెండో వారం మిట్టమధ్యాహ్నం క్లోరిన్ వేశాను,
సాయంత్రానికల్లా సూర్యుడే తాగేశాడు.
పొద్దు వాలాక వెయ్యాలని
సంచీ వెనక చిన్నక్షరాల్లో ఉంది,
మందుల డబ్బాల మీద చదవమని
నేను అందరికీ పోరుపెట్టే చోటే.

మూడో నంబరు కుర్చీ బెనెడెట్టోది.
ఫ్రీమాంటిల్ రేవులో నలభై ఏళ్ళు చేపల పడవ నడిపాడు.
ఇప్పుడు రోజుకి ముప్పాతిక లీటరు, అంతే,
కాఫీ, సూపు, మాత్ర మింగే గుక్కతో సహా.
సూది గుచ్చుతుంటే చెయ్యి చూడడు, నా మొహం చూస్తాడు:
"జోర్కా, ఇవాళ నీ నీళ్ళెలా ఉన్నాయి?"
ఎంత దాహంగా అడుగుతాడంటే
అబద్ధం చెప్పబుద్ధి కాదు.
"బఠాణీ సూపు."
తర్వాతి మంగళవారం, "విరిగిన పాలు."
"మంచిదే! నాచు చచ్చింది. అడుగున పేరుకోనీ."

ఒకరోజు రెండు డాలర్ల నాణెం చేతిలో పెట్టాడు.
"లోతు వైపు పడెయ్.
గట్టున నిలబడి బొమ్మో బొరుసో చెప్పగలిగిన రోజు
వచ్చి చెప్పు. నీ గొట్టాల రంగులు నేను నమ్మను."

నవంబరంతా జకరండా ఊదాపూలు రాల్చింది.
బుట్టలో రోజూ పూలు, తేనెటీగలు,
ఒకసారి గ్లెన్ కొడుకు కట్టుడు పళ్ళ తీగ.
కప్పని బక్కెట్లో వాళ్ళింటి తామర తొట్టికి సాగనంపాను.
మధ్యాహ్నాలు సముద్రపు గాలి వీస్తుంది,
ఇక్కడ దాని పేరు డాక్టర్.
ఈ డాక్టరూ అందరు డాక్టర్లలాగే
వచ్చి, చెత్త పోసి, వెళ్ళిపోతాడు.
ఎత్తేది నర్సే.

ఇవాళ తెల్లవారుజామున
ఇంకా పంపు వెయ్యలేదు, నీళ్ళు కదలడం లేదు.
గొట్టంలో అయిదు చుక్కలు,
నారింజకీ గులాబీకీ నడిమి రంగు.
గొట్టం కిందికి దించుతుంటే కనపడింది
అడుగు జాలీకి జానెడు దూరంలో
పసుపు చుక్క.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.
బొరుసు.

నాకు ఈత రాదు. బెనెడెట్టోకి ఆ సంగతి చెప్పలేదు.
నాణెం అక్కడే ఉంటుంది.

ఇవాళ సూదికంటే ముందు మాటే చెప్పాను.
కళ్ళు మూసుకున్నాడు.
ఏదో మింగినట్టు గొంతు ఒకసారి కదిలింది.
"చల్లగా ఉన్నాయా?"
"ఇరవై నాలుగు డిగ్రీలు."
మిషను నాలుగు గంటలు తిరిగింది.
దిగి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ అడిగాడు:
"బొరుసు మీద పెద్దాయన ఉంటాడు కదా,
గడ్డం కనపడిందా?"
"మొహం కనపడింది."
"గడ్డం?"
"లేదు."
"అయితే ఇంకోసారి ఫిల్టర్ కడుగు" అన్నాడు.