పదిహేడో పేపరు

మే రెండో వారం, మొంటానాలో ఇంకా మంచు.
కాలేజీ నేలమాళిగలో హీటరు దగ్గుతోంది.
బల్ల మీద నలభై రెండు పేపర్లు,
పేర్లు కొట్టేసి నంబర్లు వేసినవి.
క్రిమినల్ జస్టిస్ డిగ్రీ, ఆఖరి సంవత్సరం.
వీళ్ళు నేర్చుకున్నారో లేదో
తేల్చాల్సింది మేం ముగ్గురం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తారు.
మాకు నలభై రెండు మెతుకులిచ్చారు,
ఒక కొలబద్ద కూడా:
ఒకటి నుంచి నాలుగు దాకా గళ్ళు,
గడికో వాక్యం,
వాక్యానికో "సమర్థవంతంగా".

హాల్వర్ స్టెన్‌రూడ్ ముప్పై ఒక్క ఏళ్ళు డిప్యూటీ షెరీఫ్,
చలానా రాసినంత వేగంగా మార్కులు వేస్తాడు.
కొరిన్ లాఫ్రాంబ్వా నేరాల లెక్కలు చెబుతుంది,
ప్రతి పేపరూ రెండుసార్లు చదువుతుంది,
రెండోసారి కళ్ళజోడు తీసేసి.
నేను ప్రొబేషన్ ఆఫీసులో ఫైళ్ళు మోసి మోసి
సాయంత్రాలు పాఠం చెప్పడానికొచ్చినదాన్ని.

ప్రశ్న ఒకటే.
రాత్రి రెండు గంటలు. లోపల అరుపులని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు.
మీరు గడప బయట ఉన్నారు. వారంటు లేదు.
ఏం చేస్తారు? ఎందుకు?

నలభై ఒక్కరూ తలుపు కొట్టారు.
కొందరు చట్టం పేరు చెప్పి,
కొందరు తీర్పుల సంవత్సరాలు తప్పు పోకుండా అప్పజెప్పి.
ఒకడైతే మూడు పేజీల పొడుగునా కొడుతూనే ఉన్నాడు.

పదిహేడో పేపరు తలుపుకి లోపలి వైపు నిలబడింది.

"గొళ్ళెమంత ఎత్తు మనిషి లోపలెవరైనా ఉన్నారా అని
ముందు ఫోన్‌లోనే అడగాలి.
ఉంటే, చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చేది వాళ్ళే.
బూటుతో తంతే తలుపు లోపలికే తెరుచుకుంటుంది.
నాకు కనుబొమ మీద ఆరు కుట్లు.
చట్టప్రకారం వాళ్ళు చేసింది సరైనదే.
ఆ సంగతి ఈ కాలేజీలో చదువుకున్నాను."

అంతే. కింద సగం పేజీ తెలుపు.

హాల్వర్ ఒకటి వేశాడు.
కొరిన్ నాలుగు.
అంత తేడా వస్తే మూడో చెయ్యి పడాలని నియమం.

"అడిగింది చెప్పలేదు" అన్నాడతను.
"అడగనిది చెప్పింది" అందామె.
"దానికి గడి ఎక్కడుంది?"
కొలబద్దని అటూ ఇటూ తిప్పి చూశాం, వెనకవైపు కూడా.
హాల్వర్ పెన్సిలు మొన చూసుకుంటూ
"నేనెన్ని తలుపులు" అని ఆగిపోయి
కాఫీకి లేచాడు.
తిరిగొచ్చాడు గానీ ఒకటిని మార్చలేదు.

నేను మూడు వేశాను.
మూడంటే "అంచనాలను అందుకుంది".
ఎవరి అంచనాలో రాసి లేదు.
నిజం చెప్పాలంటే ఆకలేస్తోంది,
ఇంకా పాతిక పేపర్లున్నాయి,
మూడు వేసినవాళ్ళని ఎవరూ సంజాయిషీ అడగరు.

జూన్‌లో నివేదిక వెళ్ళింది.
ఎనభై మూడు శాతం లక్ష్యం చేరారు.
వచ్చే ఏటికి ఎనభై ఐదు.

మూడేళ్ళ తర్వాత, నవంబరులో ఒక రాత్రి,
మా గోడ అవతల పళ్ళేలు పగిలాయి.
ఫోన్ చేశాను.
నిదానమైన ఆడగొంతు.
చిరునామా అడిగింది, తుపాకీ ఏమైనా చూశారా అంది,
కాస్త ఆగి,
"తలుపు దగ్గరికి పరిగెత్తే వయసు పిల్లలున్నారా?"

అది వాళ్ళ కార్డు మీద అచ్చేసిన ప్రశ్నేనేమో.
రోజూ అందరినీ అడిగేదేనేమో.
పేర్లు కొట్టేసింది మేమే కదా.

"ఒక పాప ఉంది, ఆరేళ్ళు" అన్నాను. "జూనిపర్."
ఆ గొంతు పక్కకి తిరిగి ఇంకెవరికో ఆ పేరు చెప్పింది,
అక్షరం అక్షరం విడదీసి.

కిటికీలోంచి చూస్తున్నాను.
కారు లైట్లార్పుకుని వచ్చింది.
అతను మెట్లెక్కలేదు.
కిందే, మంచులో, ఒక మోకాలి మీద కూర్చుని
పాపని పేరు పెట్టి పిలిచాడు.
గొళ్ళెం కదలడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకేమైనా చెప్పాలా మేడమ్?" అంది గొంతు.
మూడు వేశాను, అనబోయాను.
లేదు, అన్నాను.